ఆ తండ్రికి చెప్పండి: సాంఘిక సమస్య మీద ఉపన్యాసం తయారు చేసుకోవడం ఎలా?

జనవరి 24, జాతీయ బాలికా దినోత్సవం. మండల స్థాయి వక్తృత్వ పోటీ, అంశం ‘బాల్య వివాహాలు’. పద్నాలుగు మంది పిల్లలు మాట్లాడారు. న్యాయనిర్ణేతల కుర్చీల్లో కూర్చున్న మేం ముగ్గురం పద్నాలుగు సార్లూ ఇంచుమించు ఒకటే విన్నాం. బాల్య వివాహం సాంఘిక దురాచారం, దాన్ని కూకటివేళ్లతో పెకలించాలి, యువత మేల్కోవాలి, జై హింద్.

తొమ్మిదో తరగతి పాప ఒకతె ‘వికసించకముందే మొగ్గను’ అన్నచోట ఆగిపోయింది. పైకి చూసింది, కింద చూసింది. తర్వాతి ముక్క తట్టక మళ్లీ ‘గౌరవనీయులైన’ నుంచి ఎత్తుకుంది. రెండోసారీ మొగ్గ దగ్గరే ఆగింది. దిగి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచారు. ఆ పాప నా పక్క బెంచీలో కూర్చుంటే ఊరికే అడిగాను. మీ వైపు ఎవరికైనా ఇట్లా చిన్నప్పుడే పెళ్లి చేశారా అమ్మా?

‘మా బంధువులమ్మాయికే సార్. టెన్త్ అయిపోతానే చేసేసినారు. వాళ్లమ్మానాయన సుగ్గికి పోతారు గదా, ఇంట్లో ముసలవ్వ ఒకతే ఉంటాది. వయసొచ్చిన పిల్లను ఎవరు చూసుకుంటారని చేసేసినారు.’

మరి ఇది పైన ఎందుకు చెప్పలేదు అంటే, ‘ఉపన్యాసంలో అది లేదు సార్’ అంది.

కర్నూలు పడమటి మండలాల్లో సుగ్గి అంటే వలస కూలి. అంటే ఆ పాపకు సమస్య తెలుసు, కారణం తెలుసు, ఆ కారణం వెనక మనుషులు తెలుసు. తెలిసినదంతా కింద వదిలేసి, తెలియనిదాన్ని బట్టీ పట్టి పైకెక్కింది. ఏళ్ల తరబడి ఇలాంటి పోటీల్లో కూర్చుని నాకు విసుగు పుట్టిన మాట నిజం. ఆ విసుగు తీరేలా, ఈసారి వేదిక ఎక్కబోయే మీకు పనికొచ్చేలా, పని ఎక్కడ మొదలుపెట్టాలో రాస్తున్నాను. బాల్య వివాహాల్నే నమూనాగా తీసుకుంటాను. వరకట్నం, మద్యం, ఏదైనా పద్ధతి ఇదే.

అంశాన్ని వాక్యం చేయండి

‘బాల్య వివాహాలు’ అనేది బోర్డు మీద పేరు. పేరుతో వాదించలేం. దాన్ని ఒక వాక్యంగా మార్చాలి, అది కూడా బుద్ధున్న మనిషెవరైనా ‘అట్లా కాదులే’ అనగలిగిన వాక్యంగా.

‘బాల్య వివాహాలు చెడ్డవి’ అని రచ్చబండ దగ్గర చెప్పి చూడండి. అందరూ తలూపుతారు, ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. అదే చోట ‘బాల్య వివాహాలు ఆపడానికి పోలీసు కంటే ఆడపిల్లల హాస్టలు ఎక్కువ పనికొస్తుంది’ అనండి. ఒకాయన ఔనంటాడు, ఇంకొకాయన నాలుగు కేసులు పెడితే దారికొస్తారంటాడు. చర్చ మొదలైంది. మీ ఉపన్యాసానికి కావలసింది ఆ రెండో రకం వాక్యం.

ఇంకో రెండు చూడండి. ‘వరకట్నాన్ని నిర్మూలించాలి’ అనే బదులు, ‘1961 వరకట్న నిషేధ చట్టం తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడినీ నేరస్థుడిని చేసింది, అందుకే ఆడపిల్ల తండ్రి ఫిర్యాదుకు రాడు’ అనండి. చట్టం చదివినవాడు వెంటనే 7వ సెక్షన్ తీస్తాడు. బాధితులిచ్చిన వాంగ్మూలాన్ని పట్టుకుని వాళ్ల మీదే కేసు పెట్టకూడదని అందులో ఉంది. దానికి మీ దగ్గర జవాబుండాలి. జవాబు వెతుక్కుంటూ పోతే ఉపన్యాసం దానంతటదే తయారవుతుంది.

మద్యం సంగతీ అంతే. ‘మద్యాన్ని నిషేధించాలి’ అని గొంతు చించుకునే పిల్లల్లో ఒక్కరు కూడా మన రాష్ట్రంలో ఒకసారి నిషేధించిన సంగతి ఎత్తరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. ఎందుకు ఎత్తేశారో చెప్పకుండా మళ్లీ పెట్టమని అడిగితే, ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి లోపల నవ్వుకుంటాడు.

వాక్యం దొరికేదాకా రెండో మెట్టు ఎక్కకండి. దొరకడానికి రెండు రోజులు పట్టినా ఫర్వాలేదు.

ఆ తండ్రిని వెతకండి

ఈ పని ఎవరూ చేయరు, అసలు పని ఇదే.

మన పిల్లల ఉపన్యాసాల్లో ఒక దుర్మార్గుడుంటాడు. ‘మూర్ఖపు తల్లిదండ్రులు’, ‘కసాయి తండ్రి’, ‘డబ్బాశ గల అత్తమామలు’. ఈ దుర్మార్గుడు హాల్లో ఎప్పుడూ ఉండడు. హాల్లో ఉన్నవాళ్లకు తిట్టు తగలదు, తగలాల్సినవాడు వినడు. మరి మీరు ఎవరితో మాట్లాడుతున్నట్టు?

అరఠావు కాగితం తీసుకోండి. పదహారేళ్ల కూతురికి పెళ్లి చేసిన తండ్రి మాట్లాడుతున్నట్టు, ‘నేను’ అని మొదలుపెట్టి రాయండి. ఒక్క తిట్టు కూడా రాకూడదు. ఇలా ఉండొచ్చు:

‘నాకు ఇద్దరు ఆడపిల్లలు. సంక్రాంతి పోయినాక నేనూ నా భార్యా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాం, ఉగాది దాటినాక వస్తాం. పిల్లను వెంట తీసుకుపోతే చేలో గుడారంలో పడుకోవాలి. ఇంట్లో వదిలిపోదామంటే మా అమ్మకు చూపు ఆనదు. ఇప్పుడు చేస్తే లక్షతో పోతుంది. ఇంటర్ చదివిందంటే డిగ్రీ పిల్లవాణ్ని తేవాలి, వాడు మూడు అడుగుతాడు. ఈలోపల పిల్ల ఎవరితోనన్నా మాట్లాడిందని పుకారు లేచిందా, రెండోదానికి కూడా సంబంధం రాదు.’

చదివితే మీకు కొంచెం ఇబ్బందిగా అనిపించాలి. ఆయన మాటలో మూడు సంగతులున్నాయి. కాపలా, కట్నం, పరువు. మీ ఉపన్యాసం వీటిలో కనీసం ఒకదానికైనా జవాబు చెప్పాలి. మూడింటికీ చెప్పబోతే ఐదు నిమిషాల్లో ఒక్కటీ నిలబడదు, ఒకటి ఎంచుకోండి.

ఇట్లా రాస్తే ఆయన్ని సమర్థించినట్టవుతుందని కొందరు టీచర్లు భయపడతారు. మన శాస్త్రకారులకు ఆ భయం లేదు. ముందు పూర్వపక్షం, తర్వాతే సిద్ధాంతం. శంకరుల భాష్యంలో కూడా ఎదుటివాడి మాట ముందు నిండుగా వస్తుంది, ఖండన ఆ తర్వాతే. ఎదుటివాడి మాటను నీరసంగా చెప్పి గెలిచేవాణ్ని పండితసభలో ఎవరూ లెక్కచేసేవారు కారు. మనం ఆ మర్యాద వదిలేసి తిట్లు పట్టుకున్నాం.

లెక్క చెబితే దాని ఊరూ పేరూ చెప్పండి

‘రోజుకు వేలాది మంది బాలికలు బలైపోతున్నారు.’ ఎవరు లెక్కపెట్టారు? ఎప్పుడు? ఎక్కడ? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని అంకెను కొట్టేయండి. అంకె లేకుండానే మాట్లాడొచ్చు, తప్పు లేదు.

పెట్టుకోదగ్గ అంకె ఒకటి చూపిస్తాను. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో జరిగింది. 20–24 ఏళ్ల స్త్రీలను ఎన్నో ఏట పెళ్లయిందని అడిగారు. పద్దెనిమిది నిండకముందే అయినవాళ్లు దేశం మొత్తం మీద 23.3 శాతం, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3.

దీన్ని పిల్లలు ఎలా చెబుతారో విన్నాను. ‘ఆంధ్రప్రదేశ్‌లో నేడు నూటికి 29 మంది ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసేస్తున్నారు.’ కాదు. సర్వే నాటికి ఇరవై దాటినవాళ్ల సంగతి అది. వాళ్ల పెళ్లిళ్లు అంతకు ముందు కొన్నేళ్ల కిందట జరిగాయి. ఈ ఏడాది మీ మండలంలో ఏం జరుగుతోందో ఆ అంకె చెప్పదు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, తెలిసినవాడు ఒకడు హాల్లో ఉంటే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంకో అలవాటు ‘రోజురోజుకూ పెరిగిపోతున్నాయి’ అనడం. ఇదే సర్వే పాత విడతలు తీసి చూడండి. దేశంలో ఈ అంకె 2005–06లో 47.4, 2015–16లో 26.8, ఆ తర్వాత 23.3. తగ్గుతోంది. తగ్గుతోందంటే ఉపన్యాసం చప్పబడుతుందని పిల్లలు అనుకుంటారు. నాకైతే అక్కడే ఆసక్తి పుడుతుంది. మొదటి పదేళ్లలో ఏడాదికి సగటున రెండు శాతం చొప్పున తగ్గిన అంకె, ఆ తర్వాత ఏడాదికి ఒక్క శాతం కూడా తగ్గలేదు. తేలిగ్గా ఆగేవి ఆగిపోయి, మొండివి మిగిలాయా? మీ ఊళ్లో మిగిలినవి ఏ రకం? ఇది ప్రశ్న. దీని మీద ఐదు నిమిషాలు ధారాళంగా మాట్లాడొచ్చు.

ఈ అంశం మీద ఏ పోటీకి వెళ్లినా గురజాడ పేరు వినపడకుండా ఉండదు. ‘కన్యాశుల్కం’ రాశారు, సంస్కర్త, నమస్కారం. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటను మాత్రం ఎవరూ తిరగెయ్యరు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా రాయించారట. మూడేళ్లకు 1,034 పెళ్లిళ్లు తేలాయి. వాటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఇది పూర్తి జాబితా కాదని, డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదని కూడా ఆయనే రాశారు. నాటకం అంతా వ్యంగ్యమే గానీ, దాని గడపలో నిలబడి ఉన్నది ఒక లెక్క, ఆ లెక్కలో ఉన్న లోపం. ఆయన పేరు వాడుకునే ముందు ఆయన పద్ధతి వాడుకోండి.

మీరూ లెక్కపెట్టొచ్చు. పోయినేడు మీ బడిలో పదో తరగతి పాసైన ఆడపిల్లలు ఎంతమంది? ఇంటర్లో చేరినవాళ్లు ఎంతమంది? మిగతావాళ్లు ఎక్కడున్నారు? హెడ్మాస్టరు గారి అనుమతితో రిజిస్టరు చూసి, స్నేహితురాళ్లను అడిగితే ఒక సాయంత్రం పని. మీరే లెక్కపెట్టిన పాతిక మంది లెక్క, ఎక్కడో చదివిన లక్షల లెక్క కంటే గట్టిది.

ఒక జాగ్రత్త. మండల కేంద్రంలో మైకు ముందు ‘మా బంధువులమ్మాయికి’ అన్నారంటే ఆ అమ్మాయి ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. పేరు, వీధి, చుట్టరికం చెప్పకండి. ‘నాకు తెలిసిన ఒక అమ్మాయి’ అంటే చాలు. ఇంకా జరగని పెళ్లి సంగతి మీ చెవిన పడితే అది ఉపన్యాసానికి సరుకు కాదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా అంగన్‌వాడీ టీచరుకో, మీకు నమ్మకమున్న టీచరుకో చెప్పండి.

మహానుభావుల మాటలు

‘అర్ధరాత్రి ఆడది ఒంటరిగా నడిచిననాడే నిజమైన స్వాతంత్ర్యం అని గాంధీజీ అన్నారు.’ ఎక్కడ అన్నారు? గాంధీ రచనల సంపుటాలు వంద దాకా ఉన్నాయి, ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. ఏ సంపుటంలో, ఏ ఏడు అని అడిగితే ఇప్పటిదాకా నాకు చూపించినవాళ్లు లేరు. ఆ కాలపు బ్రిటిష్ అధికారి మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో ‘భారతదేశంలో ఒక్క బిచ్చగాడినీ చూడలేదు’ అని చెప్పినట్టు ఇంకొకటి తిరుగుతోంది. ఆ తేదీకి మెకాలే లండన్‌లో లేడు, మన దేశంలోనే ఉన్నాడు. ఆ తేదీ వేసి ఆయన రాసింది విద్య మీద నివేదిక.

ఎక్కడిదో చెప్పలేని మాటను వాడకండి. అంతే. మీ అవ్వ అన్న మాటైనా సరే, అవ్వ అన్నదని చెబితే నేను నమ్ముతాను.

చట్టం పేరెత్తేముందు ఒకసారి చదవండి

‘ప్రభుత్వం కఠిన చట్టాలు తేవాలి’ అని పద్నాలుగు మందిలో పదకొండు మంది అన్నారు. తెచ్చి చాలా కాలమైంది. 1929లో శారదా చట్టం, దాని స్థానంలో 2006లో బాల్య వివాహాల నిషేధ చట్టం. మైనరు బాలికను పెళ్లాడిన, పద్దెనిమిది దాటిన మగవాడికి, ఆ పెళ్లి జరిపించినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇంకా ఎంత కఠినం కావాలో, ఉన్నది ఎందుకు పనిచేయడం లేదో చెప్పండి.

‘అలాంటి పెళ్లి చట్టప్రకారం చెల్లదు’ అని కూడా అంటుంటారు. ఈ చట్టం ప్రకారం మామూలుగా అది దానంతటదే రద్దు కాదు. మైనరుగా ఉండగా పెళ్లయిన వ్యక్తి కోర్టుకు వెళ్లి రద్దు చేయమని అడగాలి, మేజరైన రెండేళ్లలోపు అడగాలి. పంతొమ్మిదేళ్ల అమ్మాయి, చంకలో బిడ్డ, ఒంటరిగా కోర్టు మెట్లెక్కడం ఊహించుకోండి. పసిమొగ్గల పోలికలు పది చెప్పినా ఈ ఒక్క సంగతికి సాటి రావు.

ఆడపిల్ల పెళ్లి వయసు 21కి పెంచేశారని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. 2021 డిసెంబరులో బిల్లు పెట్టారు గానీ, 2024లో లోక్‌సభ రద్దవడంతో అదీ మురిగిపోయింది. వయసు పద్దెనిమిదే. వరకట్నం మీద మాట్లాడేవాళ్లకూ ఒక మాట. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. వరకట్న మరణం 304బీ కాదిప్పుడు, 80వ సెక్షన్. అన్నయ్య నోటుపుస్తకంలోంచి ఎత్తి రాస్తే దొరికిపోతారు.

ఇప్పుడు రాయండి

మామూలుగా వచ్చేది ఇలా ఉంటుంది:

‘నేటి ఆధునిక సమాజంలో బాల్య వివాహాలు మహమ్మారిలా విస్తరిస్తున్నాయి. నిరక్షరాస్యత, పేదరికం, మూఢనమ్మకాలు దీనికి ప్రధాన కారణాలు. పసిమొగ్గల్ని చిదిమేస్తున్న ఓ తల్లిదండ్రులారా, ఒక్కసారి ఆలోచించండి! ప్రభుత్వం కఠిన చట్టాలు తేవాలి. యువత నడుం బిగించాలి.’

విస్తరిస్తున్నాయన్నది తప్పు. కారణాలు మూడు చెప్పారు, మీ ఊళ్లో పనిచేసేది ఏదో చెప్పలేదు. ఈ మూడు కారణాలూ బాలకార్మికుల ఉపన్యాసంలో, మూఢనమ్మకాల ఉపన్యాసంలో, జనాభా ఉపన్యాసంలో కూడా ఇదే వరసలో వస్తాయి. అన్ని తాళాలకూ పట్టే తాళంచెవి మీద నాకు నమ్మకం లేదు. తల్లిదండ్రులు హాల్లో లేరు. చట్టం ఉంది. యువత నడుం బిగించి సోమవారం పొద్దున్న ఏం చేయాలి?

అదే అంశం, ఆ పాప పులిహోర తింటూ చెప్పిన దాంట్లోంచి ఇలా తీయొచ్చు:

‘సంక్రాంతి పోయిన వారానికి మా వైపు ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి పోతారు. ఇంట్లో పదహారేళ్ల ఆడపిల్ల ఉంటే తండ్రికి రెండే దారులు. వెంట తీసుకుపోవాలి, లేదా ఎవరికైనా అప్పజెప్పి పోవాలి. అప్పజెప్పడానికి ఆయనకు తెలిసిన పద్ధతి పెళ్లి. ఆయనకు చట్టం చూపించి బెదిరిస్తే ఇంకో భయం పుడుతుంది గానీ ఉన్న భయం పోదు. పదో తరగతి దాకా ఇదే పిల్ల మండల కేంద్రంలో బీసీ హాస్టల్లో ఉంది. ఆ రోజుల్లో కూడా ఆయన పేదవాడే, చదువు రానివాడే, సుగ్గికి పోయేవాడే. పెళ్లి మాట ఎత్తలేదు. హాస్టలు అయిపోయింది, పెళ్లి మాట వచ్చింది. వలసపోయేవాళ్ల పిల్లలకు బడి స్థాయిలో సీజనల్ హాస్టళ్లు నడిపిన అనుభవం మనకుంది. వాళ్లు వలసలో ఉండే ఆ నెలల్లో ఇంటర్ ఆడపిల్లలకు కూడా అలాంటిది తెరవమని నేను అడుగుతున్నాను. కట్నం పెరుగుతుందని భయపడే తండ్రికి హాస్టలు జవాబు కాదు, ఒప్పుకుంటాను. కాపలా లేదని భయపడే తండ్రికి మాత్రం జవాబే.’

ఇందులో పెద్ద మాట ఒక్కటి లేదు. ‘ఆ రోజుల్లో కూడా ఆయన పేదవాడే’ అన్న వాక్యం మీద చూపు నిలపండి. అక్కడ ఒక పని జరిగింది. పేదరికం, చదువు లేకపోవడం అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. పెళ్లి మాత్రం ఇప్పుడే వచ్చింది. కాబట్టి తేడా తెచ్చింది ఇంకేదో. తార్కికులు అన్వయవ్యతిరేకాలు అనేది ఈ రకం పరీక్షనే. అది ఉంటే ఇది ఉందా, అది పోతే ఇది పోయిందా? మీ ఉపన్యాసంలో ‘కాబట్టి’ అన్న ప్రతిచోటా ఆగి ఈ ప్రశ్న వేయండి.

నేనే ఎదురు ప్రశ్న వేస్తాను. హాస్టలు ఒక్కటేనా పోయింది? పిల్ల వయసు కూడా పెరిగింది గదా. పదిహేనేళ్లప్పుడు అడగని సంబంధాలు పదహారు దాటాక అడుగుతాయి. నిజమే, పై పేరాలో ఆ కన్నం ఉంది. పూడ్చాలంటే దగ్గర్లో ఇంటర్ ఆడపిల్లలకు హాస్టలున్న మండలం ఒకటి చూసుకోవాలి. అక్కడ సుగ్గికి పోయే ఇళ్లలోని పదహారేళ్ల పిల్లల సంగతేంటి? అక్కడా అన్నే పెళ్లిళ్లు అవుతుంటే మీ వాదన తప్పు, వాక్యం మార్చుకోవాలి. కనుక్కోవడానికి వీలు కాకపోతే ‘ఇది నేను ఇంకా సరిచూడాల్సి ఉంది’ అని వేదిక మీదే చెప్పేయండి. అట్లా చెప్పిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు. చూస్తే మొదటి బహుమతి రాసేస్తాను.

కోతలు

తెలుగులో నిదానంగా మాట్లాడితే నిమిషానికి వంద మాటలకు అటూ ఇటూ. ఐదు నిమిషాలంటే ఐదు వందలు. ‘వేదికనలంకరించిన’ దగ్గర నుంచి ‘నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు’ దాకా పేరుపేరునా నమస్కరిస్తే ముప్పావు నిమిషం అక్కడే పోతుంది. ‘సభకు నమస్కారం’ చాలు. చివర్లో ‘నాకీ అవకాశమిచ్చిన’ కూడా వద్దు, అవకాశం అందరికీ ఇచ్చారు.

కవిత్వం, ప్రాస వాక్యాలు తీసేయండి. ఏడుపు గొంతు తీసేయండి. ఫోన్లో అడిగి రాయించుకున్న ఉపన్యాసాన్ని పూర్తిగా తీసేయండి. ఈమధ్య వేర్వేరు బళ్ల నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలు ఒకే పేరాను అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. రెండో పిల్లవాడు మొదలుపెట్టగానే మొదటివాడు తల వంచుకున్నాడు.

ఒప్పుకోనివాడికి వినిపించండి

అద్దం ముందు చెప్పుకోవడం గొంతుకు మంచిదే, వాదనకు పనికిరాదు. అమ్మకు వినిపిస్తే ముద్దుపెట్టుకుంటుంది. మీ మాట ఒప్పుకోని మనిషిని ఒకరిని చూసుకోండి. చిన్నప్పుడే పెళ్లయి, ‘మేం బతకలేదా’ అనే అవ్వ ప్రతి ఇంట్లో ఉంటుంది. ఆమె ముందు కూర్చుని, ఉపన్యాసంలా కాకుండా మామూలుగా చెప్పండి. ఎక్కడ అడ్డుపడుతుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఆమె అడిగిన ప్రశ్నను మీ ఉపన్యాసంలో ఉన్నదున్నట్టు పెట్టి, దానికి జవాబివ్వండి. జవాబు దొరక్కపోతే వాదనకు మరమ్మతు చేయాలి.

టీచర్లకు ఒక్కమాట, కోపం తెచ్చుకోకండి. మా చేతికిచ్చే మార్కుల కాగితంలో ఉచ్చారణ, హావభావాలు, ధారణ, సమయపాలన అని గడులుంటాయి. వాదన అనే గడి లేదు. లేని గడికి పిల్లలు ఎందుకు కష్టపడతారు? మేం ముగ్గురం ఆ రోజు మొదటి బహుమతి ఇచ్చింది కూడా గట్టిగా గొంతెత్తిన పిల్లవాడికే. గడులు అట్లా ఉన్నాయి మరి. వచ్చే పోటీకి ఇరవై మార్కులతో ‘కారణం చెప్పారా, ఎదుటి మాటకు జవాబిచ్చారా’ అని ఒక గడి గీయండి. ఉపన్యాసం మీరు రాసివ్వకండి, ప్రశ్నలు వేయండి చాలు.

మధ్యలో మరిచిపోతే

ఇది అందరికీ ఉన్న భయం కాబట్టి చెబుతున్నాను. ఉపన్యాసం మొత్తం రాసుకోండి, కానీ వేదిక మీదికి చీటీ మీద నాలుగు మాటలే తీసుకెళ్లండి. తాళాలు, హాస్టలు, అప్పుడూ పేదవాడే, సీజనల్. ఒకదాని నుంచి ఇంకోటి ఎందుకు వచ్చిందో మీకు తెలిస్తే మాట తడబడినా దారి తప్పరు. అలంకారాల దండలో పూసకూ పూసకూ మధ్య దారం ఉండదు, ఒకటి జారితే తర్వాతది ఏదో చెప్పడానికి ఆధారం లేదు. అందుకే మొగ్గ దగ్గర ఆగినవాళ్లు మళ్లీ ‘గౌరవనీయులైన’ నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. పొట్లం ఒళ్లో పెట్టుకుని బంధువులమ్మాయి పెళ్లి సంగతి చెప్పినప్పుడు ఆ పాప ఎక్కడా ఆగలేదు.